అనంతాలతో లెక్క తేల్చుకున్న తొమొనాగా

1947 చివర్లో టోక్యోకి విదేశీ పరిశోధన పత్రికలు సరిగా చేరేవి కావు. యుద్ధంలో ఓడిన దేశం, అమెరికా సైన్యం అజమాయిషీలో ఉంది. తిండికే కటకటగా ఉన్న రోజులు. హైడ్రోజన్ పరమాణువు మీద ఆ ఏడాది అమెరికాలో జరిగిన ఒక కీలకమైన ప్రయోగం సంగతి జపాన్ భౌతికశాస్త్రవేత్త షినిచిరో తొమొనాగాకి తెలిసింది న్యూస్‌వీక్ వారపత్రిక ద్వారా. మామూలు పాఠకుల కోసం వేసిన సైన్స్ వార్త అది. అది చదవగానే తొమొనాగా, ఆయన శిష్యులు లెక్కకి కూర్చున్నారు. ఆ లెక్కకి కావాల్సిన పద్ధతి వాళ్ల దగ్గర అప్పటికే సిద్ధంగా ఉంది. 1943లో, యుద్ధం నడుస్తుండగానే, తొమొనాగా దాన్ని జపనీస్‌లో రాసి అచ్చువేశారు. బయటి ప్రపంచానికి ఆ సంగతే తెలియదు.

ఆ పనికే 1965లో ఆయనకి జూలియన్ ష్వింగర్, రిచర్డ్ ఫైన్‌మన్‌లతో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. ఫైన్‌మన్ గురించి మనవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఆయన ఉపన్యాసాలూ కబుర్లూ అందరికీ తెలుసు. ష్వింగర్ పేరు ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేసినవాళ్లు విని ఉంటారు. తొమొనాగా మాత్రం జాబితాలో మూడో పేరుగా మిగిలిపోయారు. ఇది నాకు అన్యాయంగా అనిపిస్తుంది. ఒక మనిషికి రావాల్సిన పేరు రాలేదన్నది ఒక్కటే కారణం కాదు. ఆ ముగ్గురూ సాధించింది ఏమిటో మామూలు పాఠకుడికి అర్థం కావాలంటే తొమొనాగా నడిచిన దారే అన్నిటికన్నా తేటగా ఉంటుంది. పైగా ఆయన జపాన్‌లో జనం కోసం సైన్సు రాసిన గొప్ప రచయిత కూడా. ఆయన ఫిజిక్స్‌లోనూ, రాతలోనూ ఒకటే పట్టుదల కనిపిస్తుంది. తెలిసింది ఎక్కడిదాకా, తెలియనిది ఎక్కడి నుంచి అన్నది కప్పిపుచ్చకుండా చూపించాలన్న పట్టుదల అది.

క్యోటో నుంచి లైప్‌జిగ్ దాకా

తొమొనాగా 1906లో టోక్యోలో పుట్టారు. తండ్రి సాంజురో తత్వశాస్త్రం ప్రొఫెసర్. ఆయనకి క్యోటో విశ్వవిద్యాలయంలో ఉద్యోగం రావడంతో కుటుంబం అక్కడికి మారింది. చదువుకునే రోజుల్లో తొమొనాగా సహాధ్యాయి హిదెకి యుకావా. జపాన్‌కి మొదటి నోబెల్ తెచ్చిపెట్టిన ఆ యుకావాయే. ఇద్దరూ 1929లో డిగ్రీ పూర్తిచేశారు. అప్పటికి క్వాంటం మెకానిక్స్ పుట్టి నాలుగేళ్లు. దాన్ని దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పగలిగిన ప్రొఫెసర్ క్యోటోలో లేరు. ఇద్దరు కుర్రాళ్లూ యూరప్ నుంచి వచ్చిన వ్యాసాలు ముందేసుకుని సొంతంగా నేర్చుకున్నారు. చదువయ్యాక జీతం లేని సహాయకులుగా అక్కడే ఉండిపోయారు.

ఆ స్థితి నుంచి తొమొనాగాని బయటికి లాగింది యోషియో నిషినా. కోపెన్‌హాగెన్‌లో నీల్స్ బోర్ దగ్గర ఏళ్ల తరబడి పనిచేసి వచ్చిన నిషినా, టోక్యోలోని రికెన్ పరిశోధన సంస్థలో సొంత ప్రయోగశాల పెట్టారు. 1932లో తొమొనాగా అక్కడ చేరారు. చిన్నా పెద్దా తేడా లేకుండా నోరువిప్పి వాదించుకునే వాతావరణం ఆయనకి మొదటిసారి దొరికింది అక్కడే.

1937లో జర్మనీ వెళ్లి లైప్‌జిగ్‌లో వెర్నర్ హైజెన్‌బర్గ్ దగ్గర రెండేళ్లు పనిచేశారు. అప్పుడు రాసుకున్న డైరీ నిండా దిగులే. లెక్క కుదరదు, పని ముందుకి పోదు. ఈలోగా క్యోటో మిత్రుడు యుకావా పేరు ప్రపంచమంతా మోగుతోంది. ఆయన 1935లో ఊహించిన కణం కాస్మిక్ కిరణాల్లో దొరికిందని అందరూ అనుకుంటున్న సమయం అది. (అది వేరే కణమని తేలడానికి ఇంకో పదేళ్లు పట్టింది.) తొమొనాగా తన గోడు నిషినాకి రాసుకున్నారు. ఫలితం రావడంలో అదృష్టం పాలు కూడా ఉంటుంది, అంతగా బాధపడకు అన్న ధోరణిలో నిషినా జవాబు రాశారు. ఆ ఉత్తరం చదివి కళ్లనీళ్లు పెట్టుకున్నానని తొమొనాగా డైరీలో రాసుకున్నారు. 1939లో యూరప్‌లో యుద్ధం ముంచుకురావడంతో ఓడెక్కి జపాన్‌కి తిరిగొచ్చారు. 1941లో టోక్యో బున్రికా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయ్యారు.

ఎలక్ట్రాన్ బరువు ఎందుకు అనంతమైంది?

ఇక అసలు చిక్కు. ఎలక్ట్రాన్‌కి విద్యుదావేశం ఉంది. ఆవేశం ఉన్న ప్రతిదాని చుట్టూ విద్యుత్ క్షేత్రం ఉంటుంది. ఆ క్షేత్రంలో శక్తి ఉంటుంది. ఐన్‌స్టీన్ ప్రకారం శక్తి అంటే ద్రవ్యరాశే. కాబట్టి ఎలక్ట్రాన్ ద్రవ్యరాశిలో కొంత భాగం దాని సొంత క్షేత్రం నుంచే రావాలి. ఎంత భాగం? ఎలక్ట్రాన్‌కి దగ్గరయ్యే కొద్దీ క్షేత్రం పెరుగుతుంది. ఎలక్ట్రాన్ పరిమాణమే లేని బిందువు అనుకుంటే, అన్ని దూరాల్లోని శక్తినీ కలిపినప్పుడు మొత్తం అనంతం అవుతుంది.

ఈ బాధ పాత విద్యుత్ సిద్ధాంతంలోనే ఉంది. క్వాంటం సిద్ధాంతం వస్తే తీరుతుందని ఆశపడ్డారు. తీరలేదు. పరమాణువులోని ఎలక్ట్రాన్ తన క్షేత్రంతో తానే జరిపే ఇచ్చిపుచ్చుకోళ్లని లెక్కలోకి తీసుకుంటే శక్తి స్థాయులు అనంతంగా పక్కకి జరుగుతాయని రాబర్ట్ ఓపెన్‌హైమర్ 1930లోనే చూపించారు. ప్రయోగశాలలో పరమాణువులు మాత్రం చక్కగా, ఎప్పటి స్థాయుల్లో అప్పటిలాగే ఉన్నాయి. సిద్ధాంతాన్ని మొదటి మెట్టు దాకా వాడితే జవాబులు బ్రహ్మాండంగా వస్తాయి. ఇంకాస్త ఖచ్చితంగా లెక్కేద్దామని రెండో మెట్టు ఎక్కితే అనంతం. దీన్ని చూసి చాలామంది పెద్దలు ఫిజిక్స్‌కి మళ్లీ ఒక విప్లవం కావాలి, పునాదులు మార్చాలి అనుకున్నారు.

బయటపడే దారి ఇలా ఉంది. నూనె డబ్బాని తూచారనుకోండి. కాటా మీద కనబడేది నూనె, డబ్బా కలిసిన బరువు. ఆ డబ్బాని ఖాళీగా తూచే వీలు ఎప్పటికీ లేదనుకోండి. అప్పుడు 'డబ్బా విడిగా ఎంత, నూనె విడిగా ఎంత' అన్న ప్రశ్నకి ప్రయోగంలో జవాబు లేదు. మొత్తం బరువు ఒక్కటే నిజంగా తెలిసింది. ఎలక్ట్రాన్‌ది కూడా అదే పరిస్థితి. దాని క్షేత్రాన్ని దాన్నుంచి ఊడదీసి ఎవరూ తూచలేరు. కొలిచేది ఎప్పుడూ రెండూ కలిసిన ద్రవ్యరాశినే. కాబట్టి లెక్కలో 'క్షేత్రం లేని ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి', 'క్షేత్రం వల్ల వచ్చిన ద్రవ్యరాశి' కలిసి ఎక్కడ కనబడినా, ఆ మొత్తం స్థానంలో ప్రయోగంలో కొలిచిన అంకెని పెట్టేయాలి. ఆవేశం విషయంలోనూ అంతే. ఎలక్ట్రాన్ చుట్టూ ఉన్న శూన్యంలో క్షణికంగా పుట్టి గిట్టే ఎలక్ట్రాన్-పాజిట్రాన్ జంటలు (పాజిట్రాన్ అంటే ధనావేశం ఉన్న ఎలక్ట్రాన్ ప్రతికణం) దాని ఆవేశాన్ని కొంత కప్పేస్తాయి. ఆ కప్పడం ఎంతో లెక్కేస్తే మళ్లీ అనంతమే. అక్కడా కొలిచిన ఆవేశాన్నే వాడాలి. దీనికే రీనార్మలైజేషన్ అని పేరు.

ఇంత సులువైతే నోబెల్ ఎందుకిచ్చారు? వ్యాసాలు చాలావరకు ఇక్కడితో ఆగిపోతాయి. అసలు కష్టం ఇక్కడే మొదలవుతుంది. అనంతంలోంచి అనంతం తీసేస్తే ఏ జవాబైనా వస్తుంది: సున్నా రావచ్చు, ఏడు రావచ్చు, మళ్లీ అనంతమే రావచ్చు. తీసేసేముందు ఆ అనంతమైన పదాల్లో ఏది ద్రవ్యరాశికి చెందిందో, ఏది ఆవేశానికి చెందిందో, ఏది నిజంగా ప్రయోగంలో కనబడాల్సిన ఫలితమో వేరుచేసి గుర్తుపట్టాలి. ఈ రెండింటిలోనూ ఇమడని మూడో రకం అనంతం మిగిలితే మొత్తం పథకం కూలిపోతుంది.

పాత పద్ధతిలో అలా గుర్తుపట్టడం దాదాపు అసాధ్యం. హైజెన్‌బర్గ్, పౌలి 1929లో కట్టిన క్వాంటం క్షేత్ర సిద్ధాంతం 'ఈ క్షణాన విశ్వమంతటా క్షేత్రం ఎలా ఉంది' అన్న ప్రశ్నతో మొదలవుతుంది. సాపేక్షత ప్రకారం నా 'ఈ క్షణం', వేగంగా కదిలిపోతున్న మీ 'ఈ క్షణం' ఒకటి కావు. ఆ సిద్ధాంతం చివరి జవాబులు సాపేక్షతకి లోబడే ఉంటాయి. మధ్యలోని మెట్లలో మాత్రం ఆ పొందిక కనబడదు. ద్రవ్యరాశికి ఒక లక్షణం ఉంది: వస్తువు కదిలితే దాని శక్తి సాపేక్షత సూత్రం ప్రకారమే పెరగాలి. మధ్య మెట్లలో సాపేక్షత చెదిరిపోతే ఏ పదం ద్రవ్యరాశిలా ప్రవర్తిస్తోందో పోల్చుకోలేం.

తొమొనాగా చేసింది ఈ 'ఈ క్షణం'ని బాగుచేయడం. 1932లో పాల్ డిరాక్ ప్రతి కణానికీ దాని సొంత కాలం ఇచ్చి ఒక సిద్ధాంతం రాశారు. మరో పక్క యుకావా తరచూ బోర్డు మీద ఒక గుండ్రం గీసి, కారణం, కార్యం అన్న విభజనని ఆ గుండ్రానికి ఎలా వర్తింపజేస్తామని అడుగుతుండేవారు. తొమొనాగా ఆ ప్రశ్నని పట్టుకుని డిరాక్ ఆలోచనని చివరిదాకా లాగారు. కణానికి కాదు, స్థలంలోని ప్రతి బిందువుకీ సొంత కాలం ఇచ్చారు. అప్పుడు 'ఇప్పుడు' అనేది చదునుగా ఉండక్కర్లేదు. అక్కడక్కడా ఎత్తుపల్లాలున్న ఉపరితలమైనా ఫర్వాలేదు, దాని మీది ఒక బిందువు నుంచి ఇంకో బిందువుకి కాంతి సంకేతం కూడా చేరలేనంత వరకు. ఆ ఉపరితలాన్ని ఒక చోట రవ్వంత ముందుకి జరిపితే స్థితి ఎలా మారుతుందో చెప్పే సమీకరణం రాశారు. ఈ వర్ణనలో ఏ పరిశీలకుడికీ ప్రత్యేక హోదా లేదు. ప్రతి మెట్టులోనూ సాపేక్షత కళ్లెదుటే ఉంటుంది. దీన్ని ఆయన అతి-బహుకాల సిద్ధాంతం అన్నారు.

గమనించాల్సింది ఏమిటంటే, ఇందులో కొత్త కణం లేదు, కొత్త బలం లేదు, కొత్త ఊహ కూడా లేదు. అందరి దగ్గరా ఉన్న సిద్ధాంతాన్నే దాని స్వభావానికి తగ్గట్టు తిరగరాశారు. విప్లవం కోసం అందరూ ఎదురుచూస్తున్న కాలంలో, ఉన్నదాన్నే ముందు సరిగ్గా అర్థం చేసుకుందాం అని కూర్చోవడానికి ఎంతో నిబ్బరం కావాలి. తొమొనాగాలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఆ నిబ్బరమే.

శిథిలాల మధ్య లెక్క

యుద్ధం ఆయన్ని వేరే పనిలోకి లాగింది. రాడార్‌కి కావాల్సిన మాగ్నెట్రాన్ పరికరం ఎలా పనిచేస్తుందన్న సిద్ధాంతాన్ని మసావో కోటానితో కలిసి తయారుచేశారు. దానికి 1948లో జపాన్ అకాడమీ బహుమతి వచ్చింది. యుద్ధం ముగిశాక టోక్యోలో చాలా భాగం బూడిదే. తొమొనాగా కుటుంబం ఒకుబోలో సగం పాడైన ప్రయోగశాల భవనంలో ఒక మూల కాపురం పెట్టింది. టోక్యో విశ్వవిద్యాలయంలో యోయిచిరో నంబు అనే యువకుడు ఆఫీసు బల్ల మీదే పడుకుని ఏళ్లు గడిపాడు. 2008లో నోబెల్ అందుకున్న నంబు ఆయనే. ఆ గదిలో ఆయనతోపాటు ఉండే జిరో కోబా, తొమొనాగా శిష్యుడు. కోబా చేస్తున్న లెక్కలు వింటూ వింటూ నంబు ఈ రంగంలోకి వచ్చారు.

అప్పుడు ఆ బృందం ముందున్న ప్రశ్న సిడ్నీ డాంకాఫ్ అనే అమెరికన్ 1939లో వేసిన లెక్క. ఎలక్ట్రాన్ ఒక బలక్షేత్రాన్ని తాకి పక్కకి మళ్లినప్పుడు, ద్రవ్యరాశి, ఆవేశాల్లో ఇమడని అనంతం ఒకటి మిగిలిపోతోందని ఆయన ఫలితం. అది నిజమైతే రీనార్మలైజేషన్ కథ అక్కడితో సరి. తొమొనాగా బృందం కొత్త పద్ధతితో అదే లెక్క మళ్లీ వేసింది. డాంకాఫ్ కొన్ని పదాలు వదిలేశారని తేలింది. వాటిని కలిపితే మిగులు అనంతం మాయమైంది. అంతా ద్రవ్యరాశి, ఆవేశాల్లోకే సర్దుకుంది. ఈ దారిలో తమ లెక్కలో కూడా ఒక పొరపాటు దొర్లినప్పుడు, అందుకు పశ్చాత్తాపంగా కోబా గుండు గీయించుకున్నారని నంబు తర్వాత చెప్పారు. అంత పట్టింపుగా ఉండేది ఆ పని.

న్యూస్‌వీక్ వార్త వచ్చింది ఆ సమయంలోనే. హైడ్రోజన్‌లో రెండు శక్తి స్థాయులు సరిగ్గా సమానంగా ఉండాలని ఎలక్ట్రాన్‌కి సాపేక్షతనీ క్వాంటం సిద్ధాంతాన్నీ కలిపి రాసిన డిరాక్ సమీకరణం చెబుతుంది. కొలంబియా విశ్వవిద్యాలయంలో విల్లిస్ ల్యాంబ్, రాబర్ట్ రెదర్‌ఫోర్డ్ మైక్రోవేవ్‌లతో కొలిస్తే వాటి మధ్య సుమారు 1000 మెగాహెర్ట్జ్ తేడా వచ్చింది. ఎలక్ట్రాన్ తన క్షేత్రంతో జరిపే ఇచ్చిపుచ్చుకోళ్లే ఆ తేడాకి కారణం. ఎలక్ట్రాన్ విడిగా ఉన్నప్పుడూ ఆ శక్తి అనంతమే, పరమాణువులో ఉన్నప్పుడూ అనంతమే. జాగ్రత్తగా తీసివేస్తే మిగిలేది మాత్రం చిన్న, కొలవదగ్గ అంకె. అమెరికాలో ఉన్న భౌతికశాస్త్రవేత్త హాన్స్ బేథె ఉజ్జాయింపుగా వేసిన లెక్కలో 1040 మెగాహెర్ట్జ్ వచ్చింది. సాపేక్షతతో సహా పూర్తి లెక్క వేయడానికి తొమొనాగా పద్ధతి కావాలి. ల్యాంబ్ కూడా యుద్ధకాలంలో మాగ్నెట్రాన్ల మీద పనిచేసినవారే. సముద్రానికి అటూ ఇటూ శత్రుపక్షాల్లో ఒకే పరికరంతో కుస్తీపట్టిన ఇద్దరు, యుద్ధం ముగియగానే ఒకే ప్రశ్నకి రెండు వైపులా నిలబడ్డారన్నమాట.

1948లో తొమొనాగా తమ ఫలితాలని ఓపెన్‌హైమర్‌కి ఉత్తరంగా పంపారు. సంక్షిప్తంగా రాసి పంపండి, వెంటనే వేయిద్దాం అని ఓపెన్‌హైమర్ టెలిగ్రాం ఇచ్చారు. అది ఆ ఏడాదే ఫిజికల్ రివ్యూ అనే అమెరికన్ పరిశోధన పత్రికలో వచ్చింది. క్యోటో నుంచి యుకావా నడిపే ఇంగ్లిష్ పత్రిక సంచికలు కూడా అప్పటికి అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఉన్న యువ భౌతికశాస్త్రవేత్త ఫ్రీమన్ డైసన్ చేతికి అందాయి. నాసిరకం కాగితం మీద అచ్చైన ఆ వ్యాసాల్లో ష్వింగర్ సిద్ధాంతం మూలసూత్రం సాదాసీదాగా, తేలిగ్గా అర్థమయ్యేలా ఉండటం చూసి డైసన్ ఆశ్చర్యపోయారు. తొమొనాగా, ష్వింగర్, ఫైన్‌మన్‌ల పద్ధతులు మూడూ ఒకటేనని 1949లో ఆయన నిరూపించారు. ఆ వ్యాసం శీర్షికలో మొదటి పేరు తొమొనాగాదే.

ఇదంతా గారడీ కాదా అన్న అనుమానం చాలామందికి ఉంది. చిన్నవాళ్లకి కాదు, సాక్షాత్తూ డిరాక్‌కే ఉంది. అనంతాన్ని పక్కనపెట్టే గణితాన్ని ఆయన చివరిదాకా ఒప్పుకోలేదు. ఆ అభ్యంతరం గౌరవించదగ్గదే. అయితే 1970లలో కెనెత్ విల్సన్ చేసిన పని తర్వాత విషయం ఇంకాస్త తేటపడింది. ఏ సిద్ధాంతమైనా ఒక స్థాయి దూరాల దాకా నడిచేదే. అతి చిన్న దూరాల్లో ఏముందో మనకి తెలియకపోయినా, ఆ తెలియనితనం ప్రభావమంతా రెండు మూడు కొలిచిన అంకెల్లోనే వచ్చి చేరుతుంది. తొమొనాగా కట్టిన పద్ధతికి ఇంతకంటే మంచి సమర్థన నాకు తోచదు. తెలియనిదాన్ని అది ఎక్కడా తెలిసినట్టు నటించలేదు. దానికో చోటు చూపించి, మిగతా లెక్క నడిపింది.

ఆ లెక్క ఎంత దూరం నడిచిందో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. తొమొనాగా సిఫారసుతో 1952లో నంబుతోపాటు ప్రిన్స్‌టన్ వెళ్లిన తోయిచిరో కినోషితా, ఎలక్ట్రాన్ అయస్కాంత బలాన్ని ఇంకా ఇంకా ఖచ్చితంగా లెక్కించడానికి జీవితమంతా వెచ్చించారు. ఆయన బృందం 2012లో ప్రకటించిన మెట్టులో 12,672 ఫైన్‌మన్ చిత్రాలని (కణాల ఇచ్చిపుచ్చుకోళ్లని గీతల్లో చూపే బొమ్మలు, ఒక్కో బొమ్మా లెక్కలో ఒక్కో పదం) లెక్కించాల్సి వచ్చింది. ప్రయోగం, సిద్ధాంతం దశాంశ బిందువు తర్వాత పదికి పైగా స్థానాల దాకా కలిసే చోటు అది.

కోర్టు బోనులో కాంతి కణం

తొమొనాగా జనం కోసం రాయడం నోబెల్ వచ్చాక మొదలుపెట్టిన కాలక్షేపం కాదు. ఆ లెక్కలన్నీ ఉధృతంగా సాగుతున్న 1949లోనే 'ఫోటాన్ మీద విచారణ' అనే కథలాంటి రచన చేశారు. అందులో నిందితురాలు నామినో మిత్సుకో, అంటే ఫోటాన్ అనే కాంతి కణమే. గోడకి రెండు కిటికీలున్నాయి. ఆమె గదిలోకి ఏ కిటికీ గుండా వచ్చిందో చెప్పాలంటాడు ప్రాసిక్యూటర్. రెండింటి గుండా ఒకేసారి వచ్చానంటుంది ఆమె. కోర్టు నమ్మదు. అప్పుడు డిఫెన్స్ లాయరు అక్కడికక్కడే పరీక్ష పెట్టిస్తాడు. కిటికీల దగ్గర పోలీసుల్ని కాపలా పెడితే ఆమె ఎప్పుడూ ఏదో ఒక కిటికీ దగ్గరే దొరుకుతుంది. ప్రాసిక్యూటర్ గెలిచాననుకుంటాడు. కానీ కాపలా తీసేసినప్పుడు ఆమె చేరే చోట్లని చూస్తే, ఏదో ఒక కిటికీ గుండానే వచ్చిందనుకుంటే అవి కుదరవు. చూస్తున్నప్పుడు దొరికిన సాక్ష్యాన్ని, ఎవరూ చూడనప్పటికి కూడా వర్తింపజేయడమే ప్రాసిక్యూటర్ చేసిన పొరపాటు.

క్వాంటం మెకానిక్స్ గురించి మన దగ్గర వచ్చే రాతల్లో సగం ఈ కిటికీల దగ్గరే దారి తప్పుతాయి. 'మనసు చూస్తే లోకం మారుతుంది' లాంటి మాటల్లోకి వెళ్లిపోతాయి. తొమొనాగా అటు పోరు. కోర్టులో ఏది సాక్ష్యమో, ఏది ఊహో వేరుచేసినంత పద్ధతిగా నడుస్తారు. రకుగో అనే జపాన్ హాస్యకథల మీద ఆయనకి ఎంతో ఇష్టం. ఆ సంభాషణల్లో ఆ వాసన తగులుతుంది.

1965లో బహుమతి ప్రకటించాక స్నానాల గదిలో జారిపడి పక్కటెముక విరిగింది, స్టాక్‌హోమ్ వెళ్లలేకపోయారు. నోబెల్ ఉపన్యాసం 1966 మేలో టోక్యోలోనే ఇచ్చారు. అందులో యుకావా, మరో జపాన్ భౌతికశాస్త్రవేత్త సకాతా, డాంకాఫ్, శిష్యులు ఎవరెవరు ఏ ముక్క అందించారో వరసగా చెప్పుకుంటూ పోతారు. 1962లో యుకావా, సకాతాలతో కలిసి అణ్వాయుధాలకి వ్యతిరేకంగా క్యోటోలో శాస్త్రవేత్తల సమావేశం జరిపారు. ఆ పని ఆయన పరిశోధనకన్నా తక్కువది కాదని నా నమ్మకం. హిరోషిమా తర్వాత ఒక జపాన్ భౌతికశాస్త్రవేత్త దాన్నుంచి తప్పుకోలేడు.

1970లలో ఎలక్ట్రాన్ స్పిన్ చరిత్ర మీద ఆయన రాసిన పుస్తకం 1997లో ఇంగ్లిష్‌లోకి వచ్చింది. సమీకరణాలకి భయపడని డిగ్రీ విద్యార్థులకి దానంత రుచికరమైనది అరుదు. చివరి పుస్తకం 'భౌతికశాస్త్రం అంటే ఏమిటి' మాత్రం అందరి కోసం. కెప్లర్, గెలీలియోల నుంచి మొదలై ఆవిరి యంత్రాల మీదుగా మాక్స్‌వెల్, బోల్ట్‌జ్‌మన్‌ల దాకా వస్తుంది. గొంతు కాన్సర్‌తో మాట పోయాక కూడా రాస్తూనే ఉన్నారు. పుస్తకం పూర్తికాకుండానే 1979 జూలై 8న కన్నుమూశారు. తన సొంత రంగమైన క్వాంటం సిద్ధాంతం దాకా ఆ పుస్తకం రానేలేదు. మిగిలిన రాతప్రతిని శిష్యులు కూర్చి రెండో భాగంగా తెచ్చారు. మరుసటి ఏడాది దానికి ఒసరాగి జిరో బహుమతి వచ్చింది.

ఫోటాన్ విచారణ చదవడానికి పెద్ద చదువులేం అక్కర్లేదు. ఇంటర్‌లో కాంతి వ్యతికరణం పాఠం విన్న పిల్లలకి చాలు. జపనీస్ వచ్చిన తెలుగువాళ్లు ఇప్పుడు తక్కువేం లేరు. వాళ్లలో ఎవరైనా మిత్సుకోని నేరుగా తెలుగు కోర్టులో నిలబెడితే, మన ఫిజిక్స్ టీచర్లకి క్లాసులో చదివి వినిపించడానికి ఒక మంచి కథ దొరుకుతుంది.